గోర్డన్ స్మిత్‌ని 1959లో హిబ్స్ వదిలేయడం తప్పా, ఒప్పా?

లీథ్_తెలుగోడు
స్కాట్లండ్ ఫుట్‌బాల్ అనగానే ఇక్కడ అందరూ సెల్టిక్, రేంజర్స్ అని కొట్టుకుంటారు. మిగతా క్లబ్బులు అసలు బంతే ముట్టుకోలేదన్నట్టు. నేనుండేది ఎడిన్‌బరోలో. హిబ్స్ వాళ్ళ ఈస్టర్ రోడ్ మైదానం మా ఇంటికి నడక దూరం. అక్కడ ఒక స్టాండ్ పేరు 'ఫేమస్ ఫైవ్'. గోర్డన్ స్మిత్, బాబీ జాన్‌స్టన్, లారీ రైలీ, ఎడ్డీ టర్న్‌బుల్, విల్లీ ఆర్మండ్. 1949 అక్టోబరు నుంచి ఈ అయిదుగురే హిబ్స్ ఫార్వర్డ్ లైన్. అయిదుగురూ లీగ్‌లో తలా వంద గోల్స్ దాటినవాళ్ళే.

నా బాధంతా స్మిత్ గురించి. రైట్ వింగర్. 1941లో పదహారేళ్ళ కుర్రాడిగా వచ్చాడు. మొదటి మ్యాచ్ ఎడిన్‌బరోలోని ఇంకో క్లబ్బు హార్ట్స్ మీద, వాళ్ళ గడ్డ మీదే, హ్యాట్రిక్ కొట్టాడు. 1948, 1951, 1952లో లీగ్ గెలిచాడు. 18 ఏళ్ళు ఒకే క్లబ్బు. 1959లో చీలమండ దెబ్బతింది, ఇక అయిపోయాడని ఫ్రీ ట్రాన్స్‌ఫర్ ఇచ్చి పంపేశారు. ఆయన సొంత డబ్బు పెట్టి ఆపరేషన్ చేయించుకుని, అదే ఊళ్ళోని హార్ట్స్‌లో చేరాడు. 1960లో హార్ట్స్ ఛాంపియన్. తర్వాత డండీకి వెళ్ళాడు. 1962లో డండీ ఛాంపియన్!

మూడు వేర్వేరు క్లబ్బులతో స్కాటిష్ లీగ్ గెలిచాడు. అందులో ఒకటీ సెల్టిక్ కాదు, రేంజర్స్ కాదు. ఇలాంటివాడు ఇంకొకడు లేడు. మా ఆఫీసులో ఒక పెద్దాయన హిబ్స్ అభిమాని, 1959 మాట ఎత్తితే చాలు టీ కప్పు పక్కన పెట్టి మరీ తిట్టడం మొదలుపెడతారు. నాకూ హిబ్స్ చేసింది శుద్ధ తెలివితక్కువ పని అనే అనిపిస్తోంది. మీరేమంటారు?

మిరపకాయ్
అర్థమైంది. సన్‌రైజర్స్, వార్నర్ కథ. అరవయ్యేళ్ళు ముందు.

నెల్లూరు_నాటౌట్
మొదటి రిప్లైకే వార్నర్ వచ్చేశాడు. కొత్త రికార్డు.

మిరపకాయ్
ఎందుకు రాకూడదు? 2021లో కెప్టెన్సీ పీకేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. నెల తిరిగేసరికి టీ20 ప్రపంచకప్‌లో ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్. పోలిక ఎక్కడ తేడా కొట్టిందో చెప్పు.

గుంటూరు_గోలీ
నేను చెప్తా. వార్నర్‌కి ఫామ్ పోయింది, ఒళ్ళు బాగానే ఉంది. స్మిత్‌కి పాడైంది కాలు. 1924 మేలో పుట్టినవాడికి 1959 వేసవికి 35 నిండాయి. 35 ఏళ్ళ వింగర్, దెబ్బతిన్న చీలమండ, స్కానింగులు లేని రోజులు. నువ్వు ఆ క్లబ్బు మేనేజర్‌వైతే ఏం చేస్తావ్? తర్వాత రెండు టైటిళ్ళు వచ్చాయని ఇప్పుడు మనకు తెలుసు, వాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఫలితం చూసి తీర్పు చెప్పడం ఎవరైనా చేస్తారు.

లీథ్_తెలుగోడు
ఆపరేషన్ చేయిస్తే బాగవుతుందేమో అని క్లబ్బు ఎందుకు ప్రయత్నించలేదు మరి? ఆయన జేబులోంచి పెట్టుకోవాల్సి వచ్చింది. 18 ఏళ్ళు ఆడించుకుని, అన్ని మ్యాచ్‌లూ కలిపి 364 గోల్స్ కొట్టించుకుని, ఆపరేషన్ ఖర్చు దగ్గర చేతులెత్తేశారు. నాకు మండేది అక్కడ.

నెల్లూరు_నాటౌట్
364? వింగర్ కదా అన్నావు?

పాత_స్కోర్‌బుక్
అందులో యుద్ధకాలపు మ్యాచ్‌లు, స్నేహపూర్వక మ్యాచ్‌లు కూడా ఉన్నాయి. 1939 నుంచి 1946 దాకా అసలు లీగ్ ఆగిపోయి ప్రాంతీయ లీగులు నడిచాయి, వాటిని అధికారిక లెక్కలో వేయరు. అందుకే ఒక చోట 364 అని, ఇంకో చోట వందపైన అని కనిపిస్తుంది. రెండూ నిజమే. అయినా వింగర్ గోల్స్ కొట్టడేంటి అనుకోకండి, 1947లో థర్డ్ లానార్క్ మీద 8-0తో గెలిచిన మ్యాచ్‌లో ఒక్కడే 5 కొట్టాడు.

ఇక అసలు ప్రశ్నకి వస్తే, ఆ కాలంలో ఆటగాడి పరిస్థితి ఏంటో తెలియకుండా ఈ 'ఫ్రీ ట్రాన్స్‌ఫర్' అర్థం కాదు. అప్పట్లో కాంట్రాక్టు అయిపోయినా ఆటగాడు స్వేచ్ఛగా పోవడానికి లేదు. రిజిస్ట్రేషన్ క్లబ్బు దగ్గరే ఉంటుంది. క్లబ్బు 'ఉంచుకుంటున్నాం' అని జాబితాలో పేరు రాస్తే చాలు, అతను ఇంకెక్కడా ఆడలేడు. ఇంగ్లండ్‌లో అయితే దీనికి తోడు జీతానికి పైకప్పు ఒకటి, వారానికి 20 పౌండ్లు మించి ఇవ్వకూడదని. అది 1961 జనవరిలో పోయింది. ఈ 'ఉంచుకునే' పద్ధతి మీద జార్జ్ ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు కోర్టుకెక్కితే 1963లో ఇంగ్లండ్‌లో తీర్పొచ్చింది.

కాబట్టి హిబ్స్ కావాలనుకుంటే స్మిత్ పేరు జాబితాలో ఉంచి, ఎవరైనా డబ్బిస్తే అమ్ముకునేవాళ్ళు, లేదంటే ఇంట్లో కూర్చోబెట్టేవాళ్ళు. పైసా తీసుకోకుండా వదిలారు. దీన్ని నేను గెంటివేత అనను. పాత ఉద్యోగికి తాళాలిచ్చి 'నీ ఇష్టం, ఎక్కడికైనా వెళ్ళు' అన్నట్టు.

లీథ్_తెలుగోడు
మాస్టారూ, పనికిరాడు అనుకున్నవాడిని ఊరికే వదిలితే అది దానమెలా అవుతుంది? పనికొస్తాడనుకుంటే వదిలేవాళ్ళా?

పాత_స్కోర్‌బుక్
పనికిరాడనే అనుకున్నారు. ఆ అంచనా తప్పింది. అంచనా తప్పడం వేరు, అన్యాయం చేయడం వేరు అంటున్నాను. నువ్వు రెంటినీ కలిపేస్తున్నావు.

ఫిజియో_పద్మ
చీలమండ మాట వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట. మిగతా ఆటగాళ్ళకంటే వింగర్‌కి అది ప్రాణం. పూర్తి వేగంతో పరిగెడుతూ ఒక్కసారి ఆగాలి, పక్కకి తిరగాలి, వెంటనే బంతి పైకి లేపి మధ్యలోకి వేయాలి. బరువంతా ఒక్క కాలి మీద పడుతుంది. ఆ రోజుల్లో బూట్లు చీలమండ పైదాకా వచ్చే మందపు తోలువి. వానకి తడిస్తే అవీ బరువే, తోలు బంతీ బరువే. చలికాలం మైదానమంతా బురద. దానికి తోడు ఈస్టర్ రోడ్ మైదానం చదును కూడా కాదట కదా?

మా తమ్ముడు జిల్లా స్థాయి కబడ్డీ ఆడేవాడు. చీలమండ మెలికపడితే వాళ్ళ టీమ్ డాక్టరు కట్టు కట్టి 'రెస్టు తీసుకో' అన్నాడు, అంతే. మళ్ళీ మళ్ళీ బెణికేది. వేరే ఊళ్ళో చూపిస్తే లోపల లిగమెంట్ సంగతి బయటపడింది. టీమ్ ఈలోపే ఇంకొకర్ని తీసుకుంది. కాబట్టి గోలీ గారూ, 'వాళ్ళకెలా తెలుస్తుంది' అనే మాట నేను ఒప్పుకోను. తెలుసుకోవాలనే ఉద్దేశం ఉంటే ఇంకో డాక్టర్ని అడుగుతారు. స్మిత్ అడిగాడు కదా.

లీథ్_తెలుగోడు
చదును కాదు, నిజమే. లీథ్ వైపు గోల్‌కి దిగుడుగా ఉండేది. 2000లో సరిచేశారు. రెండో సగంలో పల్లం వైపు దాడి చేయడం హిబ్స్‌కి ఇష్టమని పాతవాళ్ళు చెప్తారు.

మిరపకాయ్
అంటే గోల్స్‌లో సగం వాలుకే ఇవ్వాలి క్రెడిట్ 😀

లీథ్_తెలుగోడు
అవతలి టీమ్‌కీ ఒక సగం అదే వాలు బాబూ.

నెల్లూరు_నాటౌట్
నాకో సందేహం. ఇంత గొప్పోడైతే స్కాట్లండ్ తరఫున 18 మ్యాచ్‌లే ఎందుకు? 1946 నుంచి 1957 దాకా పదకొండేళ్ళలో 18! పక్కనే ఉన్న లారీ రైలీ 38 మ్యాచ్‌ల్లో 22 గోల్స్ కొట్టాడు. క్లబ్బులో పులి, దేశానికి పిల్లి అనే రకమేమో.

పాత_స్కోర్‌బుక్
ఆ మాట అప్పటి పత్రికలూ అన్నాయి. కారణం ఒకటి కాదు. అదే రైట్ వింగ్‌లో రేంజర్స్ ఆటగాడు విల్లీ వాడెల్ ఉన్నాడు. సెలెక్టర్లు తరచూ అతని వైపే మొగ్గేవాళ్ళు. స్మిత్ స్కాట్లండ్ జెర్సీలో కుదురుకోవడానికి టైమ్ పట్టిన మాట నిజం. కానీ 1955 పర్యటన చూడండి. అప్పటికి ఆయనకి 30 దాటాయి. వియన్నాలో ఆస్ట్రియాని 4-1తో కొట్టారు, స్మిత్‌ది అందులో ఒక గోల్. జట్టుకి కెప్టెన్‌గా కూడా ఉన్నాడు. ఆలస్యంగా పండిన కాయ.

వాడెల్ అంటే గుర్తొచ్చింది. 1953లో స్మిత్ చేతిలోంచి ఇంకో లీగ్ టైటిల్ జారిపోయింది కూడా అతని వల్లే. హిబ్స్ తమ మ్యాచ్‌లన్నీ ఆడేసి కూర్చున్నారు. రేంజర్స్‌కి ఆఖరి మ్యాచ్‌లో ఒక పాయింటు చాలు, డంఫ్రీస్‌లో క్వీన్ ఆఫ్ ద సౌత్ మీద. వెనకబడి ఉన్నారు. చివర్లో వాడెల్ గోల్ కొట్టి 1-1 చేశాడు. ఇద్దరికీ 43 పాయింట్లు. గోల్ యావరేజీతో కప్పు రేంజర్స్‌కి.

గుంటూరు_గోలీ
ఆగండి, యావరేజీయా, తేడానా?

పాత_స్కోర్‌బుక్
యావరేజీ. కొట్టినవాటిని తిన్నవాటితో భాగిస్తారు. రేంజర్స్ 80 కొట్టి 39 తిన్నారు, 2.05. హిబ్స్ 93 కొట్టి 51 తిన్నారు, 1.82. ఇప్పటిలా తీసివేత అయితే రేంజర్స్ +41, హిబ్స్ +42.

మిరపకాయ్
అయ్యో! ఒక్క గోల్ తేడాతో గెలవాల్సింది భాగహారంలో పోయింది. మనం నెట్ రన్‌రేట్‌కి ఏడుస్తున్నాం కానీ వీళ్ళదీ అదే గోల.

నెల్లూరు_నాటౌట్
భాగహారం అంటే ఎక్కువ గోల్స్ కొట్టే జట్టుకి శిక్ష, తలుపులేసుకుని కూర్చునే జట్టుకి బహుమానం. ఇది ఎవరి తెలివి?

లీథ్_తెలుగోడు
దీంట్లో హార్ట్స్ వాళ్ళది ఇంకా ఘోరం. 1965లో ఆఖరి రోజు సొంతగడ్డ మీద కిల్మార్నక్ చేతిలో 2-0తో ఓడి యావరేజీలో టైటిల్ పోగొట్టుకున్నారు. తీసివేత లెక్కైతే వాళ్ళే ఛాంపియన్లు. తర్వాత పద్ధతి మారింది. 1986లో ఆఖరి రోజు మళ్ళీ ఓడారు, ఈసారి తీసివేతలో సెల్టిక్ గెలిచింది. పాత భాగహారమే ఉండుంటే హార్ట్స్ గెలిచేది! ఆ రోజు ఓడించింది ఎవరనుకుంటున్నారు? డండీ. డెన్స్ పార్క్‌లో 2-0.

మిరపకాయ్
హార్ట్స్ జాతకం ఎవరైనా చూపించండి ముందు.

డండీ_విద్యార్థి
డండీ పేరు వినగానే లేచా. నేను ఇక్కడ ఎమ్మెస్సీ చేస్తున్నా. ఈ ఊళ్ళో రెండు పెద్ద క్లబ్బులు, డండీ, డండీ యునైటెడ్. రెండు స్టేడియాలూ ఒకే వీధిలో, ఒక దాని గేటు దగ్గర నిలబడితే రెండోది కనిపిస్తుంది. 1962 టైటిల్ డండీకి అదొక్కటే, అందుకే ఇక్కడ ఆ పదకొండుమంది పేర్లు పాఠంలా అప్పజెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. లైనీ, హామిల్టన్, కాక్స్, సీత్, యూర్, విషార్ట్, స్మిత్, పెన్‌మన్, కజిన్, గిల్జీన్, రాబర్ట్‌సన్. మేనేజర్ బాబ్ షాంక్లీ, లివర్‌పూల్ బిల్ షాంక్లీకి అన్న.

ఆ సీజన్‌లో ఐబ్రాక్స్ వెళ్ళి రేంజర్స్‌ని 5-1తో కొట్టారు, పొగమంచులో. గిల్జీన్ ఒక్కడివే నాలుగు. ఆఖరి రోజు ఏప్రిల్ 28న పెర్త్‌లో సెయింట్ జాన్‌స్టన్ మీద 3-0. పాపం ఆ ఓటమితో సెయింట్ జాన్‌స్టన్ కింది డివిజన్‌కి పడిపోయింది.

స్మిత్ విషయంలో ఇక్కడివాళ్ళు చెప్పేది వేరు. అప్పటికి ఆయన పాత వేగం లేదు, 37 ఏళ్ళు. పరిగెత్తి డిఫెండర్‌ని దాటడం తగ్గింది. బంతి కాళ్ళ దగ్గరికి వస్తే ఆపి, చూసి, గిల్జీన్ తల మీదకి వేసేవాడు. గిల్జీన్‌కి తలతో కొట్టడం పుట్టుకతో వచ్చిన విద్య. ఇక వింగర్ పరిగెత్తాల్సిన పనేముంది?

గుంటూరు_గోలీ
ఇదిగో, నా పాయింటు నువ్వే చెప్పావు తమ్ముడూ. వయసైన వింగర్‌కి సరిపోయే జట్టు డండీలో దొరికింది. 1959లో హిబ్స్‌లో అది లేదు. హిబ్స్‌లో ఉండిపోతే రెండు టైటిళ్ళు వచ్చేవన్న గ్యారంటీ ఏముంది? హార్ట్స్ సంగతీ అంతే. 1958లోనే 132 గోల్స్ కొట్టి లీగ్ గెలిచిన జట్టది. స్మిత్ వెళ్ళకపోయినా 1960లో గెలిచేవాళ్ళేమో.

ఫిజియో_పద్మ
'గెలిచేవాళ్ళేమో' అనే మాటతో ఎవరి మెడలోనైనా పతకం తీసేయొచ్చు.

నెల్లూరు_నాటౌట్
పద్మ గారికి ఒక ఓటు.

లీథ్_తెలుగోడు
యూరప్ క్లబ్బుల టోర్నీ యూరోపియన్ కప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అది కూడా మూడు క్లబ్బుల తరఫున ఆడాడు. 1955లో కప్పు మొదలైన ఏడాదే హిబ్స్ ఆడింది. ఇంగ్లండ్ ఛాంపియన్ చెల్సీని వాళ్ళ లీగ్ పెద్దలు వద్దన్నారు, దాంతో బ్రిటన్ నుంచి మొట్టమొదట ఆడిన క్లబ్ హిబ్స్. జర్మనీలో రోట్-వైస్ ఎస్సెన్‌ని వాళ్ళ ఊళ్ళోనే 4-0. సెమీస్‌లో ఫ్రాన్స్ జట్టు రీమ్స్ చేతిలో ఓడారు. 1960లో హార్ట్స్‌తో, మొదటి రౌండ్‌లోనే బెన్‌ఫికా తగిలింది. 1962-63లో డండీతో సెమీస్, మిలాన్ చేతిలో ఓటమి. బెన్‌ఫికా, మిలాన్ ఆయా ఏడాది కప్పు గెలిచినవాళ్ళే, రీమ్స్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ మీద 4-3తో ఓడింది. అంటే ఈయన్ని ఆపినవాళ్ళు చిన్నాచితకావాళ్ళు కాదు.

మిరపకాయ్
చెల్సీ ఆ ఏడాది ఛాంపియన్ కాబట్టి పిలిచారు. హిబ్స్ కూడా ఆ ఏడాది ఛాంపియనా?

లీథ్_తెలుగోడు
కాదు, ఛాంపియన్ అబర్డీన్. హిబ్స్ అయిదో స్థానం. మొదటి ఏడాది పిలుపు ఛాంపియన్లకే అన్న నియమం లేదు. హిబ్స్‌కి ఫ్లడ్‌లైట్లు ఉన్నాయి, ఛైర్మన్ హ్యారీ స్వాన్‌కి యూరప్ మీద మోజు ఉంది.

మిరపకాయ్
అయిదో స్థానంలో ఉండి సెమీస్ దాకా వెళ్ళారు. ఛాంపియన్లు టీవీలో చూశారన్నమాట.

పాత_స్కోర్‌బుక్
రేడియో అను బాబూ, 1955.

డండీ_విద్యార్థి
ఆ 1962-63 ప్రయాణం మామూలుది కాదు. మొదటి మ్యాచ్ కొలోన్‌తో ఇక్కడే, 8-1. గిల్జీన్ హ్యాట్రిక్. తర్వాత లిస్బన్ స్పోర్టింగ్, ఆ తర్వాత ఆండర్‌లెక్ట్‌ని బ్రసెల్స్‌లో 4-1. సెమీస్ మొదటి మ్యాచ్ సాన్ సిరోలో 5-1తో పోయింది. ఇక్కడ 1-0తో గెలిచినా ఏం లాభం. స్మిత్‌కి అప్పుడు 38.

సికింద్రాబాద్_సెంటర్‌హాఫ్
మన వైపు నుంచి ఒక మాట. ఫేమస్ ఫైవ్ ఆడుతున్న ఆ ఏళ్ళల్లోనే కోచ్ రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు రోవర్స్ కప్ వరసగా అయిదేళ్ళు గెలిచింది, 1950 నుంచి 54 దాకా. మా నాన్న ఆ పేర్లు చెప్తుంటే విన్నాను, గోషామహల్, ఫతే మైదాన్ కథలు. నాకు గోర్డన్ స్మిత్ పేరు ఈ రోజే తెలిసింది, స్కాట్లండ్ వాళ్ళకి మన ఫుట్‌బాలర్ తులసీదాస్ బలరాం పేరు ఎప్పటికీ తెలియదు. లెక్క సరి.

ఇంకో సంగతి. 1950 ప్రపంచకప్‌కి అవకాశం ఉండి వెళ్ళనివాళ్ళలో మనమూ ఉన్నాం, స్కాట్లండూ ఉంది. మనవాళ్ళని ఉత్తకాళ్ళతో ఆడనివ్వలేదనే కథ ఇప్పటికీ తిరుగుతోంది, అసలు ఫెడరేషన్‌కే పెద్ద ఆసక్తి లేదంటారు. స్కాట్లండ్‌ది మరీ విచిత్రం.

పాత_స్కోర్‌బుక్
అవును. బ్రిటన్ దేశాల టోర్నీలో మొదటి రెండు స్థానాలకూ ఫిఫా చోటిచ్చింది. 'మొదటి స్థానంలో వస్తేనే వెళ్తాం' అని స్కాట్లండ్ పెద్దలు ముందే ప్రకటించేశారు. 1950 ఏప్రిల్‌లో హాంప్‌డెన్‌లో ఇంగ్లండ్ మీద 1-0తో ఓడి రెండో స్థానంలో నిలిచారు. మాట మీద నిలబడి ఇంట్లో కూర్చున్నారు. బ్రెజిల్ వెళ్ళిన ఇంగ్లండ్ అమెరికా చేతిలో ఓడింది.

నెల్లూరు_నాటౌట్
రెండో స్థానం వచ్చాక కూడా పంతం! పెళ్ళిలో ముందు వరస కుర్చీ ఇవ్వలేదని భోజనం మానేసిన మేనమామ.

లీథ్_తెలుగోడు
స్మిత్ బ్రెజిల్ మాత్రం చూశాడు. 1953లో హిబ్స్ రియోకి వెళ్ళి మరకానాలో వాస్కో డ గామాతో 3-3 డ్రా చేసుకుంది. అంతకు ముందు ఏడాది ఆయన గౌరవార్థం ఈస్టర్ రోడ్‌లో పెట్టిన మ్యాచ్‌కి మాంచెస్టర్ యునైటెడ్ వచ్చింది, ఇంగ్లండ్ ఛాంపియన్ హోదాలో. హిబ్స్ 7-3తో పంపించింది. ఆ యునైటెడ్ మేనేజర్ మాట్ బస్బీ యుద్ధం రోజుల్లో హిబ్స్‌కి గెస్ట్ ప్లేయర్‌గా ఆడాడు, కుర్ర స్మిత్‌తో కలిసి.

గుంటూరు_గోలీ
రిటైరయ్యాక ఏం చేశాడు? మేనేజర్ అయ్యాడా?

లీథ్_తెలుగోడు
లేదు. డండీ తర్వాత మోర్టన్, ఐర్లండ్‌లో డ్రమ్‌కాండ్రా, కొద్దికాలం ఆడి 1964లో ఆపేశాడు. ఎడిన్‌బరోలో ఒక పబ్ నడిపాడు, దాని పేరు 'రైట్ వింగ్'. 2004 ఆగస్టులో పోయారు. అయిదుగురిలో మేనేజర్లు అయింది టర్న్‌బుల్, ఆర్మండ్. టర్న్‌బుల్ హిబ్స్‌కే. ఆర్మండ్ 1974 ప్రపంచకప్‌కి స్కాట్లండ్‌ని తీసుకెళ్ళాడు, ఒక్క మ్యాచ్ ఓడకుండా ఇంటికొచ్చారు.

మిరపకాయ్
'రైట్ వింగ్' పబ్బులో లెఫ్ట్ వాళ్ళని రానిచ్చేవాళ్ళా?

నిర్వాహకుడు
రాజకీయాలకి వేరే విభాగం ఉంది.

నెల్లూరు_నాటౌట్
ఓడకుండా ఇంటికా? మళ్ళీ గోల్ తేడాయేనా?

పాత_స్కోర్‌బుక్
మళ్ళీ అదే. బ్రెజిల్, యుగోస్లావియాతో డ్రా, జైర్ మీద గెలుపు 2-0తోనే. మిగతా రెండు జట్లూ జైర్ మీద ఎక్కువ కొట్టాయి.

గుంటూరు_గోలీ
అసలు విషయానికి వస్తా. స్మిత్ పోయాక హిబ్స్ కుప్పకూలిందా? 1960-61లో యూరప్ క్లబ్బుల ఇంకో టోర్నీ ఫెయిర్స్ కప్‌లో బార్సిలోనాతో వాళ్ళ ఊళ్ళో 4-4, ఈస్టర్ రోడ్‌లో 3-2తో గెలిచి ఇంటికి పంపారు. స్మిత్ లేకుండానే. 35 ఏళ్ళవాడిని వదిలినందుకు కాదు, ఆ జట్టులో కుర్రాడు జో బేకర్‌ని 1961లో టొరినోకి అమ్మినందుకు తిట్టాలి. 1963కి హిబ్స్ దాదాపు కింది డివిజన్ అంచుకి వెళ్ళింది.

లీథ్_తెలుగోడు
బేకర్ సంగతి ఒప్పుకుంటా. స్మిత్ సంగతి ఒప్పుకోను. హిబ్స్ లీగ్ గెలిచింది 1952లో, అదే ఆఖరు. వదిలేసినవాడు ఆ తర్వాత రెండు గెలిచాడు.

ఫిజియో_పద్మ
ఆ బేకర్ అంటే లివర్‌పూల్‌లో పుట్టి, స్కాట్లండ్‌లో పెరిగి, అక్కడి యాసలో మాట్లాడుతూ ఇంగ్లండ్‌కి ఆడినవాడేనా?

గుంటూరు_గోలీ
అతనే. అప్పట్లో ఎక్కడ పుడితే ఆ దేశానికే. హిబ్స్ ఆటగాడిగా ఉంటూ ఇంగ్లండ్ జెర్సీ వేసుకున్నాడు. టొరినోలో డెనిస్ లాతో కలిసి ఒక సీజన్. 1962లో ఇద్దరూ కారు యాక్సిడెంట్లో ఇరుక్కున్నారు, బేకర్‌కి ప్రాణం మీదకొచ్చింది.

మిరపకాయ్
దీనికి వేరే థ్రెడ్ కావాలి. డెనిస్ లా పేరు వచ్చిందంటే యునైటెడ్ వాళ్ళంతా దిగిపోతారు, స్మిత్‌ని తొక్కేస్తారు.

నిర్వాహకుడు
గోలీ, బేకర్ మీద కొత్తది మీరే తెరవండి. 1959 గొడవ ఇక్కడే కానివ్వండి.